చమ్కీలంటిన సంతకం

మొన్న సూరత్ నుంచి చిన్ననాటి దోస్తు ఒకతి ఫోన్‌లో ఫోటో పంపింది. భేస్తాన్‌లో మేమున్న రూముల లైను లేదు. ఆ జాగాలో గులాబీ రంగు వేసిన ఎనిమిదంతస్తుల బిల్డింగు నిలబడి ఉంది. కింద "మన ఇల్లు ఎక్కడుండెనో చెప్పు చూద్దాం" అని రాసింది. చాలాసేపు చూశాను. కారు పార్కింగు గేటున్న చోట మా లైను నల్లా ఉండేదనుకుంటాను. లిఫ్టు ఉన్నచోట అమ్మమ్మ కూర్చుని చింతకాయ తొక్కు నూరేది. గట్టిగా చెప్పలేను. ఆనవాలు పట్టడానికి ఒక్క ఇటుక కూడా మిగల్లేదు.

ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచీ ఒకటే ఎండాకాలం గుర్తొస్తోంది. నాకప్పుడు పన్నెండేళ్లు. లోకమంతా తలుపులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్న ఎండాకాలం. ఫౌజు నుంచి సెలవు మీద వచ్చిన మా మామ మా మధ్య ఇరుక్కుపోయిన ఎండాకాలం.

మాది సాంచల బతుకు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. ఉత్తర తెలంగాణలో చేతిమగ్గం మూలపడ్డాక మా తాత సూరత్ వచ్చి సాంచల ఖాతాలో చేరాడు. ఖాతా అంటే అక్కడ మగ్గాల షెడ్డు. అమ్మ, మామ ఆ రూముల్లోనే పుట్టారు. పెళ్లయినా అమ్మ దూరం పోలేదు. బాపు కూడా అదే ఖాతాలో సాంచలు నడిపేవాడు కాబట్టి తాత వాళ్ల పక్క రూములోనే మా కాపురం. లైను మొత్తానికి ఎప్పుడూ ఒకటే వాసన: మిషను నూనె, నూలుకు పెట్టిన గంజి, ఎవరి పొయ్యి మీదో మాడుతున్న జొన్నరొట్టె. మా ఇంట్లో వీటికి తోడు జిగురు వాసన. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అంటించేది. అన్నంలో చమ్కీ వస్తే పక్కకు తీసి తినడం మాకు రాయి తీసినంత మామూలు.

ఇక చప్పుడు. మా గోడ వెనకే ఖాతా. పగలూ రాత్రీ టకటకటక. మేం మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. బడిలో మా గుజరాతీ టీచరు "నీకు నాకు మధ్య నది ఉందా ఏమిటి, అంత గట్టిగా మాట్లాడతావ్" అనేది. తాతకైతే నలభై ఏళ్ల సాంచల మోతలో చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేవాడు.

టీవీలో చెప్పిన మరునాడు సాంచలు ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా లైనులో కాకి అరుపు విన్నాను. అందరం బయటికొచ్చి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తాత మాత్రం గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది, గోడ ఊగుతలేదు?" అన్నాడు.

దానికి వారం ముందే మామ వచ్చాడు, తాతకు కంటి ఆపరేషన్ చేయించడానికి. వచ్చిన మూడో రోజే అది అయిపోయింది. మామ అమ్మకంటే రెండేళ్లు చిన్న. పంతొమ్మిదో ఏట ఫౌజులో చేరి పదిహేనేళ్లు దాటింది, అప్పటికి హవల్దారు. ఆయన వచ్చాడంటే నల్లటి ఇనుప ట్రంకు వచ్చేది. మూత తీయగానే బూటు పాలిషు, నాఫ్తలీను గోలీలు, అక్రోట్లు కలిసిన వాసన గుప్పుమనేది. జర్దాలు, అంటే ఎండిన ఆప్రికాట్ పళ్లు, ఒక సంచీడు తెచ్చేవాడు. అమ్మమ్మ వాటిని లెక్కబెట్టి డబ్బాలో దాచేది. నేను తిని, గింజలు మళ్లీ డబ్బాలోనే వేసి లెక్క సరిచేసేదాన్ని. అత్త, మూడేళ్ల వాళ్ల పాప అమ్మమ్మ వాళ్లతోనే ఉండేవాళ్లు. మామ వచ్చిన రెండు నెలలే అత్త గాజులు కాస్త గట్టిగా గలగలలాడేవి.

ఈసారి ట్రంకులో ఒక కాగితం కూడా వచ్చింది. పైన ముద్ర, కింద ఆఫీసరు సంతకం, మధ్యలో ఖాళీ. ఇంకా నౌకరీలో ఉంటానని మామ ఆ ఖాళీలో సంతకం పెట్టాలి. పెట్టకపోతే పింఛను తీసుకుని ఇంటికి వచ్చేయొచ్చు. ఇంట్లోవాళ్లతో మాట్లాడి రమ్మని పంపించారట.

మాట్లాడటానికేముంది, అమ్మమ్మ అప్పుడే తేల్చేసింది. "సాలు బిడ్డా. పదిహేనేండ్లు ఆళ్లకిచ్చిన. మిగిలింది నాకియ్యి." పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో ఒక మిల్లులో కాపలావాళ్ల మీద పెద్దగా ఉండే నౌకరీ మామ కోసం చూసి పెట్టింది కూడా. సేఠ్ మాటిచ్చాడు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. మామ ఔననలేదు, కాదనలేదు. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి టీవీ వెనక నిలబెట్టాడు.

అంతలో రైళ్లు ఆగిపోయాయి. ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలని ఫౌజు నుంచి కూడా ఫోనొచ్చింది.

మా లైనుకు పై అంతస్తులో నాలుగు రూములుండేవి. వాటిలో ఊర్ల నుంచి వచ్చిన ఒంటరి కార్మికులు ఉండేవాళ్లు, మా జిల్లాల మగవాళ్లే. ఒక్కో రూములో పద్నాలుగు మంది. పరుపులు మాత్రం ఏడు. పగటి షిఫ్టు వాళ్లు లేచిపోతే రాత్రి షిఫ్టు వాళ్లొచ్చి అవే పరుపుల మీద పడేవాళ్లు. సాంచలు నడిచినన్నాళ్లు ఆ లెక్క సరిపోయింది. సాంచలు ఆగిన రోజు పద్నాలుగు మందీ ఒకేసారి రూములో మిగిలారు. వాళ్లు తినే మెస్సు మూతపడింది. రెండో రోజుకే నీళ్ల దగ్గర, కక్కూసు దగ్గర కొట్లాటలు మొదలయ్యాయి.

మూడో రోజు పొద్దున మామ లుంగీ పైకి కట్టి, చీపురు, బకెట్టు పట్టుకుని లైను కక్కూసుల దగ్గరికి నడిచాడు. నాలుగూ ఒక్కడే కడిగాడు. ఎవర్నీ పిలవలేదు, ఎవరికీ నీతి చెప్పలేదు. చూసి చూసి పై రూముల నుంచి ఇద్దరు దిగి వచ్చారు. తర్వాత ఇంకో నలుగురు.

అమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఫౌజుల నీకు తుపాకిచ్చిన్రా, చీపురిచ్చిన్రా?"

"రెండిచ్చిన్రవ్వా. చీపురే ఎక్కువ రోజులు పట్టిన" అన్నాడు మామ, కాళ్లు కడుక్కుంటూ.

వారం తిరిగేసరికి లైను రూపం మారిపోయింది. ఖాతాలో పనికిరాకుండా పడున్న బట్ట తెచ్చి మిద్దె మీద పందిరి కట్టించాడు. పడుకోవడానికి వంతులు, నీళ్లకు వంతులు, వంటకు వంతులు. దానం చేసేవాళ్లు ఇచ్చిన బియ్యం, పప్పు ఒకచోట పోగేసి మిద్దె మీదే పెద్ద గుండిగలో ఖిచిడీ వండేవాళ్లు. మామ దాన్లో అల్లం దంచి వేసేవాడు, చివర్లో వేయించిన ఎండుమిరపకాయలు. ఉల్లిగడ్డలు కోసే పని నాది. మనుషులు నిలబడటానికి సుద్దముక్కతో గుండ్రాలు గీసే పని కూడా నాదే. నాకు నేను హవల్దారులాగే అనిపించేది. మామ బూట్లు తొడుక్కుని మిద్దె మీద ధన్‌ధన్‌మని నడిచి, కింద నిద్రపోతున్న అత్త చేత తిట్లు తిన్నాను.

మామకు అన్నిటికంటే ఎక్కువ కష్టమైంది తాతతో మాట్లాడటం. మూతికి గుడ్డ కట్టుకుంటే తాతకు పెదాలు కనపడవు. పాపం ఆయన అందరి కళ్లలోకి ఆదుర్దాగా చూసేవాడు. మామ రోజూ వరండా ఆ చివరికి పోయి నిలబడి, మూతిగుడ్డ దించి, మెల్లగా పెదాలు కదుపుతూ చేతులతో సైగ చేస్తూ ఆ రోజు సంగతులన్నీ చెప్పేవాడు. సాంచల మోతలో పనిచేసేవాళ్లకు చేతిభాష ఒకటుండేది. మామకు చిన్నప్పుడే అది వచ్చు.

ఉల్లిగడ్డలు కోస్తూ నేను అడిగే ప్రశ్న ఒకటే.

"మామా, నువ్వు ఫౌజుల ఎందుకు చేరినవ్?"

"బూట్ల కోసం."

"నిజం చెప్పు."

"ఒట్టు కోడలా. పంతొమ్మిదేండ్లొచ్చినా నాకు సక్కని బూట్లు లేవు. అక్కడ రెండు జతలు పుక్కట్ల ఇస్తరని ఎవడో చెప్పిండు. ఉరికిన."

కిందినుంచి అమ్మమ్మ గొంతు. "అబద్ధాలకోరు! బడికి పోయేటప్పుడు కొనియ్యలేదారా నీకు?"

"అవి అక్కయి, అవ్వా. వాటి మీద పువ్వులున్నయ్."

నేను పడీపడీ నవ్వాను. కానీ నమ్మలేదు. రోజూ అడిగాను. ఒకరోజు గుండిగ కింద మంట ఎగదోస్తూ తనంతట తనే చెప్పాడు.

"పదారేండ్లప్పుడు మీ తాత పక్కపొంటి నేను గూడ సాంచ నడిపిన. ఒకనాడు ఎన్కనుంచి 'నాయినా' అని పిలిచిన. పలకలే. ఇంకా దగ్గెరికి పోయి పిలిచిన. పలకలే. ముంగటికి పోయి నిలబడితె గప్పుడు సూసిండు. సూసి నవ్విండు. ఆ నవ్వు సూసి నాకు భయమైంది కోడలా. నేను గూడ గిట్లనే అయిత గదా అని. ఊర్ల భర్తీ ఉందని తెలిసి పోయిన. ఉరుకుడు పందెంల బిగుతు బూట్లు ఇప్పి పారేసి ఒట్టికాళ్లతోని ఉరికిన. దేశం గిట్ల యాదికి రాలే నాకు. ఆ సప్పుడుకెంచి ఉరికిన."

"మరి ఇప్పుడెందుకు ఉంటున్నవ్?"

మామ మంట వైపు చూశాడు. "అది వేరే ముచ్చట. ఉల్లిగడ్డలు సన్నగ కొయ్యి" అన్నాడు.

నెల దాటింది. పై రూముల వాళ్ల ఓపిక అయిపోయింది. ఒక పొద్దున ఇరవై మంది దాకా మూటలు కట్టుకుని కిందికి దిగారు. నడిచి ఊరికి పోతారట. వాళ్లకు పెద్ద, గుబురు మీసాలాయన ఒకడుండేవాడు. ఆయన భార్య ఊళ్లో నిండు నెలల మనిషి. "ఇగ ఆగుడు కాదన్నా. సస్తె తొవ్వలనే సస్తం" అన్నాడు.

మామ అడ్డం నిలబడతాడనుకున్నాను. నిలబడలేదు. "పోదువు గని, ఒకసారి కాళ్లు సూపియ్యి" అన్నాడు. అందరి చెప్పులూ వంగి వంగి చూశాడు. "ఈటితోని నాసిక్ గూడ అందుకోరు. సరె, ఒక పని జేద్దాం. మూటలెత్తుకోన్రి. నాతోని ఈ ఖాతా సుట్టూ నడువున్రి. మధ్యాహ్నం దాంక ఆగకుంట నడిచినోళ్లను నేనే సడక్ దాంక తోల్కపోత."

తనే వాళ్లందరిలోకీ బరువైన మూట, మీసాలాయనది, నెత్తికెత్తుకుని ముందు నడిచాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మేం పిల్లలం గుమ్మాల్లో నిలబడి చుట్లు లెక్కపెట్టాం. పది చుట్లకు ఇద్దరు కూర్చున్నారు. ఇరవైకి సగం మంది. ఒకతని చెప్పు తెగింది. ఎవరూ నవ్వలేదు. మామ కూర్చున్నవాళ్ల దగ్గర ఆగి నీళ్లిచ్చి మళ్లీ నడిచాడు. చివరికి మామ, మీసాలాయన ఇద్దరే మిగిలారు. మీసాలాయన గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మామ మూట దించి పక్కనే కూర్చున్నాడు. "నువ్వు నడుస్తవ్. నాకు తెలుసు. కని నీ ఎన్కొచ్చేటోళ్లు నడవలేరు. ఆళ్లను తొవ్వల ఇడిసిపెట్టి పోతవా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రైళ్లేస్తరంటున్నరు. అందరి పేర్లు నేను రాసిస్త. నీది మొదలు రాస్త. జర ఆగు."

ఆగారు. ఆ సాయంత్రం మిద్దె మీద చాయ్ తాగుతుంటే మీసాలాయనే అడిగాడు, నేను రోజూ అడిగే మాట. "అన్నా, గంత కష్టం ఉంటదంటరు గద ఫౌజుల. జీతం కోసమేనా?"

"జీతం గూడ సూసే పోయిన" అన్నాడు మామ. "ఉండుడు జీతం కోసం గాదు. జీతానికైతె సచిన్ నౌకరి సాలు." చేతిలో గ్లాసు తిప్పాడు. "మంచుల నడిచేటప్పుడు మమ్ములందర్ని ఒకటే తాడుకు కడతరు. చేరిన కొత్తల ఒకపారి నా కాళ్లకింద మంచు ఇరిగింది. లోపటికి పోయిన. తాడు మీద ఏలాడుతున్న. మొత్తుకుందామంటె నోట్లె మంచు. నా ముంగటున్నది ఒక తమిళాయన. నా భాష ఆయనకు రాదు, ఆయన భాష నాకు రాదు. మడిమలు మంచుల దిగేసి కూసున్నడు. గంటసేపు పట్టింది నన్ను గుంజెతందుకు. బయటికొచ్చి సూస్తె ఆయన అరచేతులల్ల తోలు లేదు. నేను దండం పెట్టబోతె తిట్టిండు. వచ్చీరాని హిందీల పోయి చాయ్ పెట్టుపో అన్నడు."

మీసాలాయన తన అరచేతులు చూసుకున్నాడు.

"ఆ తమిళాయన పోయినేడు రిటైరయిండు" అన్నాడు మామ. "ఇప్పుడు ముంగట నేనుంట. నా ఎన్క తొమ్మిది మంది పోరగాండ్లు."

నాకు మామను చూస్తే గర్వం, ఆ తాడును తలుచుకుంటే భయం. రెండింటిలో భయమే గెలిచింది. మరునాడు పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు టీవీ వెనకనుంచి ఆ కాగితం తీశాను. కవరు అక్కడే వదిలేసి, కాగితాన్ని అమ్మ పూర్తి చేయని చీరల దొంతరలో, మధ్య చీర మడతలో పెట్టేశాను.

దాచిన మూడు రోజులకు ఫౌజు గుమాస్తా ఫోన్ చేశాడు. పోస్టు నడవడం లేదు కాబట్టి ఆ కాగితం మీదే సంతకం పెట్టి ఫోటో తీసి శనివారం లోపు పంపమన్నాడు. ముద్ర ఉన్న కాగితమే కావాలి, వేరేది పనికిరాదు. మామ కవరు తీశాడు. ఖాళీ. ట్రంకు వెతికాడు, మంచం కింద వెతికాడు. అరవలేదు, ఎవర్నీ అడగలేదు. అమ్మమ్మ మాత్రం లోలోపల సంబరపడుతూ "దేవుడే దాసిండు తియ్యి" అంది. నేను మామ మొహం చూడలేక రెండు రోజులు ఉల్లిగడ్డల దగ్గరికే పోలేదు.

ఇక్కడ ఆ పిల్లాడి సంగతి చెప్పాలి. మామ చెప్పిన తొమ్మిది మందిలో ఒకడు, రాజస్థాన్ వాడు. పంతొమ్మిదో ఇరవయ్యో ఏళ్లుంటాయి. ఇసుకలో పుట్టి పెరిగినవాణ్ని తీసుకెళ్లి మంచులో పడేశారు. సిగ్నలు దొరికే చోటుకు ఎప్పుడు దిగినా మామకు ఫోన్ చేసేవాడు. మామ లుంగీ కట్టుకుని, భేస్తాన్ ఎండలో చెమటలు కారుతూ, తడి మేజోళ్లు చంకలో పెట్టుకుని ఎలా ఆరబెట్టాలో, గుడారంలో కిరోసిన్ పొయ్యి పొగరాకుండా ఎలా వెలిగించాలో హిందీలో చెప్తుంటే మాకు నవ్వొచ్చేది. అమ్మమ్మ విసుక్కునేది. "ఎవడ్రా వాడు? నువ్వేమన్న కన్నవా వాన్ని?"

శుక్రవారం మధ్యాహ్నం అన్నాల వేళ ఫోనొచ్చింది. మామ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. ఎత్తి "బోల్" అన్నాడు. పళ్లెం మెల్లగా పక్కకు జరిపాడు.

ఆ పిల్లాడి తండ్రి జ్వరంతో ఊళ్లో చనిపోయాడు. అప్పటికే దహనం కూడా అయిపోయింది. పైన దారులు మూతపడి ఉన్నాయి, కింద రైళ్లు లేవు. పిల్లాడు పోలేడు. ఫోనులోంచి ఏడుపు మా అందరికీ వినపడుతోంది. అందరం గట్టిగా మాట్లాడటం అలవాటైన ఇల్లు కదా, ఫోను మోత కూడా గట్టిగానే పెట్టేవాళ్లం. మామ "హా బేటా, హా" అంటున్నాడు.

అమ్మమ్మ గంజి చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి ఫోను తీసుకుంది. ఆమెకు వచ్చింది సూరత్ సందుల హిందీ, సగం తెలుగే.

"రో బేటా, రో. ఏడువు. నేను వీని అమ్మను. మై ఉస్కీ మా. ఖానా ఖాయా క్యా?"

అవతల ఏదో అన్నాడు.

"నై ఖాయా? ఐసా నక్కో కరో బిడ్డా. బాప్ దేఖ్తా హై ఊపర్ సే. థోడా ఖావ్. నేనిక్కడే ఉంటా, నువ్వు తినే దాంక ఫోన్ పెట్టను."

నిజంగానే పెట్టలేదు. అవతల గుడారంలో ఎవరో పళ్లెం తెచ్చిచ్చినట్టున్నారు. అతను తింటూ ఏడుస్తూ, ఏడుస్తూ తింటూ ఉంటే అమ్మమ్మ "హా, ఔర్ ఖావ్" అంటూ కూర్చుంది. మా అన్నాలన్నీ చల్లారిపోయాయి.

ఫోను మామ చేతిలో పెట్టింది. అమ్మమ్మే అడిగింది.

"నువ్వు మళ్ల పోకుంటె వాని దగ్గెర ఎవరుంటరు?"

"ఇంకొగలొస్తరవ్వా. ఎవరో ఒకరుంటరు."

"వచ్చినోనికి వీని నాయిన సచ్చిపోయిన సంగతి తెలుస్తదా?"

"తెల్వది."

మూలనున్న తాతకు ఇదేమీ వినపడలేదు. అందరి మొహాలూ చూసి, ఏమైందని చెయ్యి తిప్పాడు. మామ ఎదురుగా పోయి కూర్చుని, పెదాలు కదుపుతూ మొత్తం చెప్పాడు: పిల్లాడి సంగతి, కాగితం సంగతి, అమ్మమ్మ అడిగిన మాట. తాత కొత్తగా ఆపరేషనైన కన్నుతో కొడుకు పెదాల్ని జాగ్రత్తగా చదివాడు. తర్వాత చేతులెత్తి ఒక సైగ చేశాడు. రెండు వేళ్లు తన కంటికి ఆనించి, పక్కకు చూపించాడు. సాంచల వాళ్లందరికీ తెలిసిన సైగ అది. 'నేను జర పోయొస్త, నా సాంచ సూడు' అని పక్కవాడికి చెప్పడం.

"సాంచ ఇడిసి పోవాల్నంటె పక్కోనికి చెప్పి పోతం" అన్నాడు తాత, తన బొంగురు గొంతుతో. చెవులు పోయినవాడి గొంతు అది, అవసరమైనదానికంటే ఎప్పుడూ పెద్దది. "పక్కోడు లేకుంటె పోము. నలభై ఏండ్లు గట్లనే చేసిన. నీ పక్కన ఉన్నడా ఎవడన్న?"

"ఇంకా తయారు కాలే నాయినా."

"అయితె ఏం అడుగుతున్నవ్ మమ్ముల?"

మామ తల వంచుకున్నాడు. నాకు తెలిసి ఆయన మా ఎదుట ఏడ్చింది అదొక్కసారే. తండ్రి చెవులు చూసి భయపడి పారిపోయినవాడికి, తను చెప్పుకోలేని మాట ఆ తండ్రే చెప్పాడు మరి.

అమ్మమ్మ లేచింది. "ఆ కాయితం ఏడున్నదో ఎతుకున్రి. దేవుడు గీవుడు ఎవలు దాయలే. ఇంట్లోదే" అంది.

నేను మెల్లగా పక్క రూములోకి జారుకున్నాను. నా వెనకే అత్త వచ్చింది. నేను చీరల దొంతరలో చెయ్యి పెడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"నువ్వే పెట్టినవని నాకు తెలుసు" అంది. "ఆ రోజే సూసిన."

"మరి చెప్పలేదేందత్తా?"

అత్త గాజులు సర్దుకుంది. "నాకూ తీయబుద్ధి కాలే" అంది. ఇన్నేళ్లలో అంతకంటే నిజమైన మాట నేను వినలేదనిపిస్తుంది. తర్వాత తనే వంగి, కాగితం బయటికి లాగి, నా చేతిలో పెట్టింది. "పో, ఇయ్యి. నేను గూడ ఇయ్యమన్ననని చెప్పు."

కాగితానికి జిగురంటింది. జిగురుకు వెండి చమ్కీలు ఇరవయ్యో ముప్ఫయ్యో అంటుకున్నాయి. గోటితో గీకితే ముద్ర లేచొస్తోంది. మామ చూసి, నా వంక చూసి, మళ్లీ కాగితం వంక చూశాడు.

"కోడలా, ఉల్లిగడ్డలు కోసేతందుకు రెండు రోజులసంది ఎందుకొస్తలేవో గిప్పుడు సమజైంది" అన్నాడు. అంతే. ఒక్క దెబ్బ లేదు, ఒక్క తిట్టు లేదు. అలాగే మెరిసే కాగితం మీద సంతకం పెట్టి ఫోటో తీసి పంపాడు. గంటకు గుమాస్తా ఫోన్ చేశాడు, కాగితం మీద ఆ చుక్కలేమిటని. "మా ఇంట్లో అందరి సంతకాలు సాబ్" అన్నాడు మామ హిందీలో.

కూలీల కోసం వేసిన రైల్లో మీసాలాయన, ఆయన వెంట ఉన్నవాళ్లు ఊరికి చేరారు. కూతురు పుట్టిందని ఫోన్ చేశాడు. మామకు పిలుపు తొలకరికి వచ్చింది. ఆ పొద్దున యూనిఫారం వేసుకుని గుమ్మంలో నిలబడితే పై రూముల్లో మిగిలినవాళ్లు నేను గీసిన సుద్ద గుండ్రాల్లో వరసగా నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి టమాటా భజియా తినిపిస్తానన్న మాట తప్పానని నాకొక జర్దాల సంచీ ఇచ్చాడు. అమ్మమ్మ ఏడవలేదు. ఒక సీసా చింతకాయ తొక్కు ట్రంకులో పెట్టి, "వానికి గూడ పెట్టు, ఒక్కనివే తినకు" అంది.

ఆ తర్వాత మామ చాలా ఏళ్లు ఉన్నాడు. ఇంకో రెండు కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఇంట్లో ఎవరం దాచలేదు. టీవీలో సరిహద్దు వార్తలొస్తే అమ్మమ్మ కట్టేసేది, కట్టేసి ఆ రాజస్థాన్ పిల్లాడికి ఫోన్ చేయమనేది. అతను కొన్నాళ్లకు "అమ్మా, నిద్రపోయినవా, తిన్నవా" అని తెలుగులో అడగడం నేర్చుకున్నాడు. తాత పోయాడు. ఖాతాలో పాత సాంచలు తుక్కు కింద అమ్మేశారు. బాపు కొత్త మిషన్ల దగ్గర చేరాడు, నేను చదువుకుని ఆ ఊరు వదిలాను. మామ ఇంట్లో ఉన్న అన్ని రోజుల్లో, దేశమనే మాట ఆయన నోట విన్నది 'యాదికి రాలే' అన్నప్పుడే. గొప్పవాళ్లు గొప్ప మాటలు మాట్లాడతారని బడిలో నేర్పారు. నేను చూసిన గొప్పవాడు మాత్రం కక్కూసులు కడిగి, తన వెనక వచ్చేవాళ్ల చెప్పులు చూసి, మెల్లగా నడిచాడు.

ఆయన చివరిసారి ట్రంకుతో దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. అమ్మమ్మకు చూపు మందగించింది, గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉంది. మామ ఆమె కాళ్లకు దండం పెట్టి "వచ్చేసిన అవ్వా. ఇగ పోను" అన్నాడు.

ఎన్నేళ్ల నుంచో ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన మనిషి ఆమె. నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను. చేత్తో తడిమి అతని భుజం పట్టుకుంది.

"మరి ఆ పిల్లలో?" అంది.

"ఆ రాజస్థానోడే ఇప్పుడు హవల్దారవ్వా. పోరగాండ్లను వాడు సూసుకుంటడు. నాకంటె మంచిగ సూసుకుంటడు."

అమ్మమ్మ భుజం వదిలింది.

"అయితె సరె" అంది. "బూట్లిప్పు. అన్నం తిందువు."